హైదరాబాదు మందుల పరిశ్రమయు హరిత రసాయన శాస్త్రమును

అబిడ్స్ కూడలినుండి చిరాగ్ అలీ లేను మీదుగా నాంపల్లి స్టేషను వైపు నడచి, అచ్చటినుండి రెడ్‌హిల్స్ మెరక యెక్కినవారికి, ఈ రాష్ట్రపు పరిశ్రమల నడకను నిర్ణయించు స్థానములలో పెక్కు ఆ కొద్ది దూరములోనే కానవచ్చును. చిరాగ్ అలీ లేనులో పరిశ్రమల కమిషనరు కార్యాలయము కలదు. రెడ్‌హిల్స్‌లో వాణిజ్య పారిశ్రామిక మండలుల సమాఖ్య భవనము కలదు. పబ్లిక్ గార్డెన్స్ అంచున శాసనసభ కలదు. కోఠీ వైపు మఱలినచో ప్రభుత్వాసుపత్రులకు మందులు కొని పంపిణీ చేయు సంస్థ కలదు. బల్క్ డ్రగ్, అనగా ముడిమందు, తయారుచేయు రియాక్టరు ఒక్కటియు ఈ వీథులలో లేదు. అయినను పటాన్‌చెరులోను, బొల్లారములోను, జీడిమెట్లలోను, పాశమైలారములోను వందలాది రియాక్టరులు ఏ ప్రోత్సాహముతో వెలసినవో, ఏ షరతులకు లోబడి తిరుగుచున్నవో, ఆ కాగితములలో అనేకములు ఈ పరిసరములలోనే ఒక బల్లనుండి మఱొక బల్లకు సాగినవి. రసాయన శాస్త్రమునకును ప్రభుత్వ విధానమునకును గల సంబంధమును సమీక్షింపదలచిన తెలుగువానికి ఇంతకంటె తగిన చోటు దొరకదు.

నా అభిప్రాయమును ముందుగానే తెలిపెదను. ఈ నగరపు మందుల పరిశ్రమ తయారీ పద్ధతిని మార్చుటలో గల నేర్పువలననే పుట్టినది, పెరిగినది, ప్రపంచప్రసిద్ధి గాంచినది. ఆ పరిశ్రమను నియమింపబూనిన శాసనములు మాత్రము ఎన్నడును తయారీ పద్ధతిని గూర్చి ప్రశ్నింపలేదు. సరుకు ఎక్కడ తయారైనది, ఎంత తయారైనది, కాలువలోనికి ఏమి వచ్చినది యని అడిగినవే కాని, అది ఎట్లు తయారైనదని అడుగలేదు. పటాన్‌చెరు పరిసరమున మంజీర లోయలోని పల్లెలు అనుభవించిన కష్టములకు మూలము ఈ అడుగని ప్రశ్నయందే యున్నదని నేను నమ్ముచున్నాను.

కాలుష్యము పుట్టిన పిమ్మట దానిని కడుగుటకు మారుగా, పుట్టకుండునట్లు తయారీ పద్ధతినే రూపొందింపవలెనను శాస్త్రమునకు హరిత రసాయన శాస్త్రమని పేరు. అమెరికాలో 1990లో కాలుష్య నివారణ చట్టమొకటి వచ్చి, కాలుష్యమును మూలమునందే నిరోధించుట జాతీయ విధానమని ప్రకటించిన పిమ్మట, అచ్చటి పర్యావరణ పరిరక్షణ సంస్థలో పనిచేయుచుండిన పాల్ అనస్టాస్ అను యువ రసాయనవేత్త ఈ దృష్టికి నామకరణము చేసెను. 1998లో ఆయనయు జాన్ వార్నరును కలిసి వ్రాసిన గ్రంథమున అది 12 సూత్రములుగా స్థిరరూపము దాల్చినది. వానినన్నిటిని ఇచ్చట ఏకరువు పెట్టనక్కరలేదు. వ్యర్థమును పుట్టించి శుద్ధిచేయుటకంటె పుట్టింపకుండుటయే మేలనునది మొదటి సూత్రము. ప్రమాదమునకు తావీయని పదార్థములనే ఎన్నుకొనవలెననునది కడపటి సూత్రము. నడుమనున్న పదియును ఆ రెండింటికి చేర్చు మార్గములు.

సూత్రములకు కొలమానము లేనిచో అవి హితవచనములుగనే మిగిలిపోవును. ఆ కొలమానములను ఇద్దరు శాస్త్రజ్ఞులు సమకూర్చిరి. 1991లో బారీ ట్రోస్టు అను ఆచార్యుడు, చర్యలో పాల్గొన్న పరమాణువులలో ఎంత భాగము తుది పదార్థమున చేరినది, ఎంత భాగము వృథాగా పోయినదని లెక్కించు పరమాణు పొదుపును ప్రతిపాదించెను. మఱుసటి సంవత్సరమే రోజర్ షెల్డన్ ఇంకను సరళమైన లెక్కను లోకము ముందుంచెను: ఒక కిలో సరుకు తయారగునప్పుడు ఎన్ని కిలోల వ్యర్థము పుట్టుచున్నది? చమురు శుద్ధి కర్మాగారములలో అది కిలోలో పదవవంతునకు లోపు. భారీ రసాయనములలో 5 కిలోలకు లోపు. సూక్ష్మ రసాయనములలో 5 మొదలు 50 కిలోలు. మందుల పరిశ్రమలో 25 మొదలు 100 కిలోలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుండును. ప్రాణమును నిలుపు సరుకును తయారుచేయు పరిశ్రమయే కిలో ఒక్కింటికి అందఱికంటె ఎక్కువ మలినమును విడుచుచున్నదను ఈ పట్టికను చూచి శాస్త్రలోకము విస్మయము చెందినది. కారణము దుర్బోధము కాదు. మందు అణువు జటిలమైనది. దానిని నిర్మించుటకు ఆరేడు అంచెలు కావలెను. అంచె అంచెకును ద్రావణిని మార్చి, కడిగి, స్ఫటికములుగ దింపి, వడపోసి, మిగిలిన మదర్ లిక్కరును పారబోయవలసి యుండును. ఒక్కొక్క అంచెలో కొంచెము కొంచెము పోయిన సరుకు చివరకు కొండయై కూర్చుండును.

ఈ లెక్క మారగలదని నిరూపించినది నొప్పులకు వాడు ఇబుప్రొఫెన్. బ్రిటనుకు చెందిన బూట్స్ సంస్థ తొలుత కనిపెట్టిన పద్ధతిలో ఆరు అంచెలుండెను, పరమాణు పొదుపు 40 శాతము. 1992లో టెక్సస్ రాష్ట్రమున బిషప్ అను పట్టణమునందు ఆరంభమైన క్రొత్త పద్ధతి మూడే అంచెలలో అదే మందును 77 శాతపు పొదుపుతో తయారుచేసినది. అయితే ఈ క్రొత్త పద్ధతిలో వాడబడు హైడ్రోజన్ ఫ్లోరైడు చర్మమును తాకినను ప్రాణాపాయము కలిగించునంతటి ఘోర పదార్థము. అది బయటికి పోక మరల మరల వాడుకకు వచ్చుటచేతనే ఆ పద్ధతికి మన్నన కలిగినది. ఏ పద్ధతియు సంపూర్ణముగ నిర్దోషము కాదనియు, ఉన్నవానిలో తక్కువ దోషము గలదానిని కొలిచి యెన్నుకొనుటయే ఈ శాస్త్రపు నిత్యకృత్యమనియు ఇందువలన గ్రహింపవచ్చును.

మన నగరమున ఈ విద్యకు భూమిక ఎట్లేర్పడినదో చెప్పవలసి యున్నది. 1944లో నిజాం ప్రభుత్వము ఇచ్చట కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధనశాలలను నెలకొల్పినది. డాక్టర్ హుసేన్ జహీర్ నాయకత్వమున అవి వృద్ధిచెంది, 1956లో జాతీయ పరిశోధన మండలి పరిధిలోనికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థయని పేరు మార్చుకొని, నేటికిని తార్నాకలో వెలయుచున్నవి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సహాయముతో బాలానగరులో సంశ్లేషిత ఔషధముల కర్మాగారమును నిర్మించినది. ఆ కర్మాగారము స్వయముగా దీర్ఘాయుష్మంతము కాలేకపోయినను, అది తీర్చిదిద్దిన రసాయనవేత్తలు, ఇంజనీర్లు నగరము నలుమూలల వ్యాపించి పరిశ్రమలు పెట్టిరి. 1984లో తన పేరిట ప్రయోగశాలలను స్థాపించిన అంజిరెడ్డి వారిలో సుప్రసిద్ధుడు.

వీరికి ద్వారము తెఱచినది 1970 నాటి పేటెంట్ల చట్టము. 1972లో అమలులోనికి వచ్చిన ఆ చట్టము ప్రకారము మందు అణువుపై ఎవ్వరికిని పేటెంటు లేదు, తయారుచేయు పద్ధతిపై మాత్రమే యుండెను. విదేశీ సంస్థ పద్ధతికి భిన్నమైన మఱొక పద్ధతిని కనిపెట్టగలిగినవాడు ఆ మందును నిస్సంకోచముగ తయారుచేసి, ఆ సంస్థ ధరలో కొద్దిపాటికే అమ్ముకొనవచ్చును. ఒక అణువును పుస్తకములో చూచి, దానికి తెలిసిన మార్గమును విడిచి, క్రొత్త మార్గమును కొన్ని మాసములలో కనిపెట్టగల నేర్పు, 2005లో చట్టము మారువఱకు, ఈ నగరమునకు జీవనాధారమయినది. లోకమున బీదసాదలకు చౌకగా మందు దొరకుటలో ఈ నేర్పు చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఈ పరిశ్రమను విమర్శించువారెవ్వరును దీనిని మఱవరాదు. ఇచ్చట మనము విచారింపవలసినది వేఱొకటి. క్రొత్త పద్ధతిని వెదకినవారికి చట్టము విధించిన నియమము ఒక్కటే: అది పాతదానికంటె వేఱుగ నుండవలెను. మార్కెట్టు విధించిన నియమము మఱొకటి: అది చౌకగా నుండవలెను. పరిశుభ్రముగ నుండవలెనని ఎవ్వరును అడుగలేదు. అడిగియున్నచో, ఇన్ని మార్గములను కనిపెట్టిన బుద్ధి అటువంటి మార్గమును సైతము కనిపెట్టియుండెడిది.

అడుగకపోవుటచే జరిగినదేమి? వెనుకబడిన ప్రాంతములకిచ్చు రాయితీలను ఆశ్రయించి, నగరమునకు వాయవ్యమున నాటి మెదకు జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారము, కాజీపల్లి ప్రాంతములలో 1970 దశకము నుండి కర్మాగారములు వెలసినవి. 25 మొదలు 100 కిలోల లెక్క ఇస్కవాగులోను, నక్కవాగులోను, చెఱువులలోను, రైతుల బావులలోను ప్రత్యక్షమయినది. నీరు రంగు మారినది, వరి పండలేదు, పశువులు చచ్చినవి. 1990లో ఈ విషయమై వ్యాజ్యము సుప్రీంకోర్టునకెక్కి, పంట నష్టపోయిన రైతులకు పరిహారమీయవలెనను ఆదేశములు వెలువడినవి. పటాన్‌చెరులో వైద్యవృత్తి చేయుచు, తన రోగులను చూచి కలతచెంది, దశాబ్దముల తరబడి ఈ పోరాటమును విడువని డాక్టర్ కిషన్‌రావు వంటివారి పేరు ఇచ్చట కృతజ్ఞతతో స్మరింపదగినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమునందలి పారిశ్రామిక ప్రాంతములకు సూచికలు కట్టినప్పుడు, 70 దాటినవానిని మిక్కిలి విషమస్థితిలో నున్నవానిగ ఎంచగా, పటాన్‌చెరు–బొల్లారము 70.07తోను, విశాఖపట్టణము 70.82తోను ఆ జాబితాకెక్కినవి. రెండును తెలుగువారి ప్రాంతములే.

ప్రభుత్వము కనుగొన్న చికిత్స ఉమ్మడి శుద్ధి కేంద్రములు. జీడిమెట్లలో 1989లోను, పటాన్‌చెరులో తరువాతి దశకములోను ఇట్టివి ఏర్పడినవి. పలు కర్మాగారముల మురుగు ట్యాంకరులలో వచ్చి ఒక్క చోట చేరును. అచ్చట సూక్ష్మజీవులచేత దానిని తినిపించి శుద్ధిచేయుదురు. పట్టణపు మురుగుకు ఈ పద్ధతి చక్కగా సరిపోవును. సూక్ష్మజీవులను చంపుటకే పుట్టిన పదార్థము ఆ మురుగులో నున్నప్పుడు ఏమగును? చచ్చినవి చావగా, చావక మిగిలినవి ఆ మందునకు లొంగని శక్తిని తమ సంతతికిని, ఇరుగుపొరుగు జీవులకును పంచిపెట్టును. 2007లో స్వీడను దేశపు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు, సుమారు 90 బల్క్ డ్రగ్ కర్మాగారముల మురుగును స్వీకరించు పటాన్‌చెరు కేంద్రమునుండి శుద్ధియై బయటికి వచ్చు నీటిని పరీక్షించి ప్రచురించిన ఫలితము వైద్యలోకమును కలవరపెట్టినది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉండెను. మందు వేసికొన్న రోగి రక్తమునందుండు పరిమాణముకంటె ఇది ఎక్కువ. ఒక్క దినమున ఆ కాలువ గుండ పోయిన ఆ మందు సుమారు 45 కిలోలనియు, 90 లక్షల జనాభాగల స్వీడను దేశమంతయు ఐదు దినములలో వాడు మందునకు అది సమానమనియు వారు లెక్కకట్టిరి. ఆ మందు రోగికి చేరవలసినది. తయారీలో నూటికి ఎంత నష్టపోవుచున్నదో కర్మాగారపు యజమాని గమనించియున్నను అది కాలువకు చేరియుండదు. కాలుష్యమనగా దారితప్పిన సరుకేయను సత్యమునకు ఇంతకంటె ఉదాహరణము వెదకనక్కరలేదు.

తరువాత 18 కిలోమీటర్ల గొట్టపు మార్గము వేసి, పటాన్‌చెరు కేంద్రపు నీటిని నగరపు మురుగులో కలిపి, మూసీ ఒడ్డున అంబర్‌పేటలోని శుద్ధి కేంద్రమునకు పంపు ఏర్పాటు చేసిరి. మంజీర లోయ భారము మూసీ లోయకు మారినది. పిమ్మట ద్రవరూపమున చుక్కయైనను బయటికి విడువరాదను నియమము వచ్చినది. ఇది కఠినమైనదియే, కొంత మేలు చేసినదియే. దీనిని పాటించుటకై కర్మాగారములు మురుగును మరగించి ఆవిరిచేయు యంత్రములు పెట్టినవి. ఆ యంత్రములకు బొగ్గో విద్యుత్తో కావలెను. అడుగున మిగిలిన లవణములు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థముల నిక్షేపస్థలమునకు పోవును. నీటిలోనిది కొంత గాలికి, కొంత నేలకు మారినది. రియాక్టరులో పుట్టిన వ్యర్థము ఎన్ని వేషములు మార్చినను మొత్తము తరుగదను మొదటి సూత్రపు మాట ఇచ్చట అక్షరాల సిద్ధించినది.

ఇంతలో తార్నాకలో పరిశోధకులు ఊరకుండలేదు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం మున్నగువారు, పొరలు పొరలుగ నుండు ఖనిజమువంటి ఘనపదార్థముపై ఆస్మియము, పల్లాడియము వంటి లోహములను నిలిపి, చర్య ముగిసిన పిమ్మట వడపోసి మరల వాడుకొనదగు ఉత్ప్రేరకములను 2000 దశకారంభమున రూపొందించిరి. ఆస్మియము సమ్మేళనము మహావిషము. పల్లాడియము మిక్కిలి వెలగలది. వీనిని నష్టపోక వాడుకొనుట ఖర్చునకు మేలు, పనివానికి మేలు; మందులో లోహపు జాడలు మిగులు బెడదయు తగ్గును. అదే సంస్థకు అనంతర కాలమున అధిపతియై, పిమ్మట కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖకు కార్యదర్శియైన ఎస్. చంద్రశేఖర్, పాలిఇథిలీన్ గ్లైకాల్ అను నిరపాయకరమైన పదార్థమును కర్బన చర్యలకు ద్రావణిగ మరల మరల వాడవచ్చునని తన సహచరులతో 2002లో చూపెను. ఆ పదార్థము లేపనములలోను, విరేచనపు మందులలోను మనమందఱము వాడునదే. తవుడు నూనెలోని జిగురును ఎంజైముతో తొలగించు పద్ధతి, చేలలో పురుగులను ఆకర్షించి పట్టు ఫెరోమోను ఎరలు, బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు 10 టన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీయు జీవవాయు రియాక్టరు—ఇవియు ఆ సంస్థ వరములే. బోయిన్‌పల్లి రియాక్టరును మార్కెట్టుకు వచ్చిపోవు రైతులెవరైనను చూడవచ్చును; ఒక పరిశోధన ఫలితమును ప్రజలు కంటితో చూచి నమ్ముట మన దేశమున అరుదు గనుక దీనిని ప్రత్యేకించి పేర్కొంటిని.

ద్రావణుల విషయము కొంచెము ఆగి చూడదగినది. మందు తయారీలో వాడబడు సమస్త పదార్థముల బరువులో అత్యధిక భాగము ద్రావణులదే. అణువులో అవి చేరవు. వచ్చి, కరిగించి, వెడలిపోవును. మంటలకు, పేలుళ్లకు, పనివారి ఊపిరితిత్తుల జబ్బులకు తఱచు అవియే మూలము. హైదరాబాదునకు ఈ తరగతి పదార్థములతో పాత పరిచయము కలదు. 1888లోను 1889లోను ఆరవ నిజాం ధనసహాయముతో, ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని ప్రేరణచే, క్లోరోఫారము వలన రోగి ప్రాణము ఎట్లు పోవునో తేల్చుటకై రెండు పరిశోధక సంఘములు ఇచ్చటనే పనిచేసినవి. శ్వాసను గమనించుచుండిన చాలునని వారు తేల్చిరి. గుండె సైతము ఆగిపోగలదని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. క్లోరోఫారము, దాని జాతికి చెందిన డైక్లోరోమీథేను నేడు విడువదగిన ద్రావణుల పట్టికలలో నున్నవి. అయినను చౌకయగుటచేతను, సులువుగ మరగుటచేతను, వాడుక పూర్తిగ మానలేదు. మఱొక వైపు, ఖరీదైన ద్రావణులను మన కర్మాగారములవారు ఎంతో శ్రద్ధతో తిరిగి పట్టుకొని వాడుకొనుచున్నారు. ధర ఎక్కడ బోధించినదో అక్కడ మనవారు మంచి శిష్యులైరి. విధాన నిర్ణేతలు దీనినుండి నేర్చుకొనదగినది ఎంతయో కలదు.

పరిశోధనశాలలో ఫలించిన పద్ధతి కర్మాగారమున ఏల అడుగుపెట్టదు? లోభము అను ఒక్క మాటతో దీనికి జవాబు చెప్పువారితో నేను ఏకీభవింపలేను. మొదటి అడ్డంకి ఔషధ నియంత్రణమే. అమెరికాకు, ఐరోపాకు పోవు మందు యొక్క తయారీ పద్ధతి అంచె అంచెగా అచ్చటి అధికారులకు సమర్పింపబడి యుండును. ద్రావణిని మార్చినను, అంచె తగ్గించినను, క్రొత్త మలినములేవి యేర్పడినవో పరీక్షించి, మందు నిలువకాలమును మరల నిరూపించి, అనుమతికై నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు వేచియుండవలెను. కావున తొలుత తొందరలో కుదిరిన మలిన పద్ధతియే శాశ్వతమగును. రెండవది, మన కర్మాగారములు ఒకే రియాక్టరులో ఈ నెల ఒక మందును, వచ్చు నెల వేఱొకదానిని తయారుచేయును. ఏ ఒక్క పద్ధతికిని ప్రత్యేకమైన యంత్రము కట్టుటకు సాహసింపవు. అన్నిటికంటె పెద్ద అడ్డంకి, వ్యర్థమునకు వెల లేకపోవుట. కాలువలోనికి పోయిన దానికి రైతు వెల చెల్లించెను గాని బ్యాలెన్సు షీటు చెల్లింపలేదు.

యంత్రముల వైపునుండి ఒక ఆశ కనబడుచున్నది. పెద్ద రియాక్టరులో వేల లీటరులు ఒక్కసారి ఉడికించుటకు మారుగా, సన్నని గొట్టములలో ద్రవములు నిరంతరము ప్రవహించుచుండగానే చర్య జరుపు పద్ధతి యొకటి కలదు; ఏ క్షణమునను లోపలనుండు ప్రమాదకర పదార్థము కొంచెమే గనుక, పేలినను నష్టము పరిమితము. 2020 చివర తెలంగాణ ప్రభుత్వము, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి డాక్టర్ రెడ్డీస్ జీవశాస్త్ర పరిశోధన సంస్థలో, పరిశ్రమల సహకారముతో, ఈ పద్ధతికి కేంద్రమొకటి నెలకొల్ప పూనుకొన్నది. దీని అవసరము మనకు పుస్తకములు చెప్పనక్కరలేదు. 2020 మే 7న విశాఖలో స్టైరీను వాయువు వెడలి 12 మంది మరణించిరి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున మందుల కర్మాగారములో ద్రావణి ఆవిరి అంటుకొని 17 మంది అసువులు బాసిరి. 2025 జూన్ 30న పాశమైలారములో మందుబిళ్లలకు వాడు సెల్యులోజు పొడి తయారుచేయుచోట జరిగిన పేలుడులో నలుబది మందికి పైగా ప్రాణములు గోలుపోయిరి. వారిలో అనేకులు ఒడిశా, బీహారు, ఉత్తర ప్రదేశముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. కడపటి సూత్రమును పర్యావరణ ప్రియుల ఆదర్శముగ భావించువారు ఈ తేదీలను గుర్తుంచుకొనవలెను.

ఇక శాసనముల మాట. 1974 నాటి జల చట్టము, 1981 నాటి వాయు చట్టము, భోపాలు ఘోరకలి అనంతరము 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టము, మూడును గొట్టపు చివర నిలబడి కొలుచునవే. ఆ కొలతయైనను పరిపూర్ణముగ నున్నదా? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, కర్మాగారముల మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించరాదో పేరుపేరున పరిమితులు సూచించుచు ముసాయిదా ప్రకటించినది. ప్రపంచమున ఏ దేశమును అంతవఱకు అట్టి సాహసము చేయలేదని పరిశీలకులు కొనియాడిరి. 2021 ఆగస్టులో వెలువడిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ఏ మురుగునకు ఉదాహరణముగ ప్రపంచ వైద్య పత్రికలలో ఇస్కవాగు పేరు నమోదైనదో, ఆ వాగు ఒడ్డునున్నవారికి ఇది తీరని నిరాశ.

అదే 2020 మార్చిలో, మహమ్మారి భయమున, బల్క్ డ్రగ్ పరిశ్రమల అనుమతికి బహిరంగ విచారణ అక్కరలేని తరగతి నిర్ణయింపబడినది. ఆ సంవత్సరమే, చైనాపై ఆధారపడుట తగ్గించుటకై, కీలకమైన బల్క్ డ్రగ్‌ల తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకమును కేంద్రము ప్రకటించినది. ఉద్దేశము ఉత్తమము. ప్రోత్సాహకమునకు షరతు ఏమి? కిణ్వ ప్రక్రియవలన వచ్చు మందులలో 90 శాతము, రసాయన సంశ్లేషణమువలన వచ్చువానిలో 70 శాతము విలువ దేశమునందే చేకూరవలెను. కిలోకు వ్యర్థమెంతయను ప్రశ్న ప్రోత్సాహకపు లెక్కలో లేదు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో స్వదేశీ వస్తువుల ప్రదర్శన ఆరంభించిన నాడు, సరుకు ఎక్కడ తయారైనదని అడుగుట దేశభక్తికి తగిన ప్రశ్నయే; నుమాయిష్ పేర అది నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున జనవరి జనవరికి సాగుచు ఈ నగరమునకు పండుగయైనది. ఎనుబది సంవత్సరముల పిమ్మట వేల కోట్ల పథకము సైతము ఆ ప్రశ్న దగ్గఱనే ఆగిపోవుట శోచనీయము.

అయినను ఈ పథకమునుండియే మంచి యుదాహరణమొకటి వచ్చినది. చైనా చౌకసరుకుతో పోటీపడలేక మన దేశమున ఆగిపోయిన పెన్సిలిన్ జి తయారీ, ఈ ప్రోత్సాహముతో కాకినాడ వద్ద సంవత్సరమునకు 15,000 టన్నుల సామర్థ్యముతో మరల మొదలైనది. పెన్సిలిన్ జి నుండి అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్‌లకు మూలమైన అణువును విడదీయుటకు వెనుకటి రోజులలో డైక్లోరోమీథేనులో, సున్నకు దిగువ 40 డిగ్రీల శీతలమున, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడు వంటి పదార్థములు వాడవలసి యుండెను. ఎంజైము వచ్చిన పిమ్మట అదే పని నీటిలో, మన దేహపు వెచ్చదనమున జరిగిపోవుచున్నది. హరిత రసాయన శాస్త్రపు పాఠ్యగ్రంథములలో కనబడు ఉదాహరణము ఇది. కిణ్వనము తరువాత మిగులు బూజు ముద్దలను, ఔషధ శేషముగల నీటిని ఎట్లు పరిష్కరింతురనునదానిపై కాకినాడ సాగరతీరపు జాలరుల బ్రదుకు ఆధారపడియున్నది గనుక ఆ లెక్కయు బహిరంగముగ నుండవలెను. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో రానున్న బల్క్ డ్రగ్ పార్కు విషయమున ఇంతకంటె ఎక్కువ జాగ్రత్త అవసరము. పటాన్‌చెరులో కర్మాగారములు ముందు వచ్చి ప్రశ్నలు తరువాత వచ్చినవి, నక్కపల్లిలో ప్రశ్నలు ముందు రాగల అవకాశమింకను కలదు.

శాసనముతో పని లేకయే చేయదగినది యొకటి కలదు. అది కొనుగోలుదారుని చేతిలోనిది. నార్వే దేశపు ఆసుపత్రుల కొనుగోలు సంస్థ 2019 నుండి యాంటీబయాటిక్‌ల టెండరులలో ధరతోపాటు పర్యావరణ ప్రమాణములకును మార్కులు వేయుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ కర్మాగారముల మురుగునకు మార్గదర్శకములు వెలువరించినది. కోఠీనుండి రాష్ట్రమంతటికిని మందులు కొను మన సంస్థ టెండరులలో ఉత్తమ తయారీ పద్ధతుల ధ్రువపత్రమును, అన్నిటికంటె తక్కువ ధరను చూచుచున్నది. ముడిమందు ఎక్కడినుండి వచ్చినది, కిలోకు వ్యర్థమెంత, మదర్ లిక్కరులు ఎచ్చటికి పోయినవి యను మూడు ప్రశ్నలు ఆ పత్రములో చేర్చినచో పరిశ్రమ రహస్యములు బయటపడునని కొందఱు భయపడవచ్చును. అంకె ఒక్కటి చెప్పినంతమాత్రమున పద్ధతి ఎవ్వరికిని తెలియదు. బిళ్లలు మాత్రమే తయారుచేయు చిన్న సంస్థలకు ఇది భారమగునని మఱికొందఱు చెప్పుదురు. అందులో నిజము కలదు, కావున అన్ని మందులకు ఒక్కసారి వర్తింపజేయనక్కరలేదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేరు అమాక్సిసిలిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్‌లకు మాత్రము, తొలి రెండు సంవత్సరములు సమాచారము తెలుపుటకే పరిమితముగ, మూడవ సంవత్సరము నుండి మార్కులతో, వచ్చు టెండరులోనే ఇది ఆరంభింపవచ్చును.